విలెంబు తాగిన నీళ్ళు

మధ్యాహ్నం లోపల ఆస్గెర్ తేల్చవలసింది ఒకటే. విలెంబు దారిలో ఎన్ని నీళ్ళు తాగాడు?

సగం కూజా కంటే తక్కువ తాగి ఉంటే విలెంబును ఉరి తీస్తారు. సగం దాటి తాగి ఉంటే వదిలేస్తారు. ఈ సంగతి విలెంబుకు తెలియదు. చెప్పనని ఆస్గెర్ సువార్త మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. చెప్తాడేమోనని దళపతి స్టీగ్ గది గుమ్మంలో ఒక బల్లెం మనిషిని కూర్చోబెట్టాడు కూడా.

ఇంత చిక్కు ఎలా వచ్చిందో ఆస్గెర్ ఎన్నిసార్లు మొదటినుంచి గుర్తు చేసుకున్నా, ఎక్కడా తప్పు కనిపించలేదు.

ఆస్గెర్ డెన్మార్క్ నుంచి వచ్చిన కుర్ర సన్యాసి. లెక్కల్లో చురుకు. ఆ వేసవి మొదట్లో ఆ దేశపు డేనుల రాజు ఓడలతో తూర్పు సముద్రం దాటి, ఎస్తోనియా తీరంలో కొండమీది కోటను పట్టుకున్నాడు. కోటకు రాతిగోడ కట్టమని స్టీగ్‌కు చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. కోట చేతికి వచ్చింది గాని దేశం రాలేదు. ఎటు చూసినా అడవులు, చిత్తడి నేలలు, వాటి మధ్య ఎక్కడో ఊళ్ళు.

ఆ ఊళ్ళే తమవని దక్షిణాన రీగా పట్నంలో ఉన్న జర్మన్లూ అంటున్నారు. ఇద్దరూ ఒకే దేవుణ్ణి మొక్కేవాళ్ళు, కొట్టుకుంటే బాగుండదు. అందుకని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఏ ఊరిమీద ఎవరి బిషప్ దీవించిన నీళ్ళు ముందు పడితే ఆ ఊరు వాళ్ళది. ఒకరి నీళ్ళు తీసుకున్నాక రెండోవాళ్ళ నీళ్ళు తీసుకున్నవాడు ద్రోహి.

ఏ నీళ్ళతోనైనా బాప్తిస్మం చెల్లుతుందని మఠంలో చదువుకున్నాడు ఆస్గెర్. ఒప్పందంలో మాత్రం అలా లేదు.

కోటలో పాదిరీలు నలుగురే. ఊళ్ళు చాలా. అప్పుడు ఆస్గెర్‌కు ఆ ఆలోచన తట్టింది. డెన్మార్క్‌లో రాజు యుద్ధానికి పోతే తీరంలోని ఒక్కో సీమ ఒక్కో ఓడ ఇవ్వాలి. నాలుగైదు కమతాలు కలిసి ఒక తెడ్డుకు ఒక మనిషిని పంపుతాయి. మిగిలినవాళ్ళు ఇంటి దగ్గరే ఉంటారు, అయినా వాళ్ళూ యుద్ధం చేసినట్టే లెక్క. ఆస్గెర్ తండ్రి అలా తెడ్డు వేసినవాడే.

"ఇంట్లో కూర్చున్నవాడు యుద్ధానికి వెళ్ళినట్టు లెక్కయితే, కోటలో కూర్చున్న పాదిరీ ఊరికి వెళ్ళినట్టు ఎందుకు కాకూడదు?" అన్నాడు స్టీగ్‌తో. "ప్రతి ఊరి పెద్దనూ ఇక్కడికి పిలిపిద్దాం. కూజా నిండా దీవించిన నీళ్ళు, ఒక చెక్క శిలువ ఇచ్చి పంపుదాం. ఊరిమీద నీళ్ళు చల్లి శిలువ పాతుతారు. మనం ఏడాదంతా తిరిగేది ఒక్క వారంలో అయిపోతుంది."

స్టీగ్ అతని వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచాడు. "నువ్వు మఠంలో ఎందుకున్నావు తమ్ముడూ? మా ఓడల దగ్గర ఉండవలసినవాడివి."

ఆస్గెర్ గురువు హెమ్మింగ్ అక్కడే ఉన్నాడు. ముసలి సన్యాసి. ఆయన ఏమంటాడోనని ఆస్గెర్ ఆశగా చూశాడు. హెమ్మింగ్ లేచి, నీళ్ళ కూజా తాడు ఒక భుజానికి తగిలించుకున్నాడు. మనిషెత్తు శిలువ ఒకటి రెండో భుజం మీద పెట్టుకున్నాడు. కోట ద్వారం దాకా నడిచి వెళ్ళి, తిరిగి వచ్చి, రెండూ దించాడు.

"ఎండగా ఉంది," అన్నాడు.

వయసు మీదపడింది, ఓపిక లేదు పాపం అనుకున్నాడు ఆస్గెర్.

కూజాలు వెళ్ళాయి. నలభైకి పైగా ఊళ్ళు కత్తి దూయకుండా రాజుగారివయ్యాయి. ఆ లెక్క రాజుగారి ముందు స్వయంగా చెప్పడానికి, రేపు బయల్దేరే ఓడలో ఆస్గెర్ వెళ్ళాలి. అంతా బాగానే ఉంది, లెప్పా అనే ఊళ్ళో డేనుల శిలువ పక్కనే జర్మన్ల శిలువ కూడా కనిపించేదాకా. రీగా పాదిరీ ఆ ఊరికి స్వయంగా వచ్చి నీళ్ళు చల్లి పోయాడట. స్టీగ్ మనుషులు లెప్పా పెద్ద విలెంబును కట్టి తెచ్చారు.

"రాజుగారి నీళ్ళు నీ ఊరిమీద చల్లావా లేదా?" అని స్టీగ్ గద్దించాడు.

"చల్లాను దొరా. కాకపోతే దారిలో కొంచెం..." అని విలెంబు నాలుక కరుచుకున్నాడు.

ఊళ్ళో మాత్రం కూజా నిండుగానే చల్లారట, అంటే తాగినంతా దారిలో వేరే నీళ్ళతో నింపాడు. ఆ 'కొంచెం' ఎంత అన్నదే ఇప్పుడు ప్రశ్న. పాదిరీల నియమం ప్రకారం దీవించిన నీళ్ళు తరిగితే మామూలు నీళ్ళు కలుపుకోవచ్చు. కలిపినవి సగానికి లోపు ఉంటే మొత్తం దీవించినట్టే. సగం దాటితే మొత్తం మామూలు నీళ్ళే. అంటే విలెంబు కొంచెమే తాగి ఉంటే లెప్పా రాజుగారిది, విలెంబు ద్రోహి. ఎక్కువ తాగి ఉంటే లెప్పా జర్మన్లది, వాళ్ళ మనిషిని ఉరి తీసే హక్కు స్టీగ్‌కు లేదు.

"నీళ్ళ సంగతి నీదే కదా, తేల్చు," అన్నాడు స్టీగ్. "మధ్యాహ్నానికి."

*

గది కొత్తగా కట్టిన రాతి గది. కిటికీ లేదు. సున్నం వాసన, ఉక్క. విలెంబు నేలమీద కూర్చున్నాడు. ఎండు చేపలు అమ్ముకుంటూ డేనుల పడవల దగ్గర నేర్చుకున్న భాష అతనిది. గడ్డం నెరిసింది. చేతులకు కట్టిన తాడు ఆస్గెరే విప్పాడు, కూజా వంచడానికి వీలుగా.

వాళ్ళిద్దరి మధ్య అదే కూజా ఉంది. అంచుదాకా నీళ్ళు పోయించాడు ఆస్గెర్. పక్కన చెక్క బాల్చీ.

"ఆ రోజు ఎంత తాగావో అంత ఈ బాల్చీలోకి వంచు," అన్నాడు. "సరిగ్గా చెప్పు."

విలెంబు కూజా వంచాడు. చిన్న ధార బాల్చీ అడుగున టపటపమని పడి ఆగిపోయింది. అతను ఆ బాల్చీ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంతేనా? పొద్దున మూడు గుక్కలన్నావు!"

"పొద్దున భయమేసి ఎక్కువ చెప్పానయ్యా. రెండే."

"రెండు గుక్కలు ఇంతకంటే ఎక్కువే ఉంటాయి."

"నావి చిన్న గుక్కలయ్యా."

ఆస్గెర్ నుదురు రుద్దుకున్నాడు. దీవించిన నీళ్ళు తాగడమే నేరమనీ, అందుకే కట్టి తెచ్చారనీ ఈ మనిషి అనుకుంటున్నాడు. తాగింది తగ్గించి చెప్పే కొద్దీ బతుకుతానని నమ్ముతున్నాడు. తగ్గించే కొద్దీ ఉరికి దగ్గరవుతున్నాడు. ఆ మాట చెప్పడానికి లేదు. గుమ్మంలో బల్లెం మనిషి గోళ్ళు చూసుకుంటూ వింటున్నాడు.

"సరే," అన్నాడు ఆస్గెర్. ఇంకో దారి పట్టాడు. "ఆ రోజు ఎండ బాగా ఉందా?"

"లేదయ్యా. వాన."

"వానా? నేను ఇక్కడే ఉన్నాను కదా! చినుకు పడలేదు."

"మా దారిలో పడిందయ్యా."

"దారి పొడుగునా?"

"పొడుగునా. అసలు దాహమే వెయ్యలేదు. పెదాలు తడుపుకున్నానంతే."

"ఇందాక రెండు గుక్కలన్నావు!"

విలెంబు కళ్ళు మూసుకుని ఏదో ఆలోచించుకున్నాడు. "తాగలేదయ్యా. ఒలికింది. నా భుజం మీద. ఆ భుజం మటుకు మీ దేవుడిదే."

బల్లెం మనిషి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఆస్గెర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. కూజాకు ఎన్ని గుక్కలో అతనికి తెలుసు. లెప్పాకు దారి ఎంతో తెలుసు. ఎండలో బరువుతో నడిచేవాడు ఎంత దూరానికి ఒకసారి ఆగుతాడో కూడా లెక్క కట్టాడు. ఏ వైపు నుంచి లెక్క కట్టినా జవాబు కూజా సగం దగ్గరే వచ్చి ఊగుతోంది. ఒక్క గుక్క ఇటైతే తాడు, అటైతే ఇల్లు.

"ఒకటి అడగనా అయ్యా?" అన్నాడు విలెంబు.

"అడుగు."

"మీ నీళ్ళు చల్లాను. ఊరంతా తడిసింది. తర్వాత వాళ్ళు వచ్చి చల్లారు. మళ్ళీ తడిసింది. మీ దేవుడి పేరే వాళ్ళూ చెప్పారు. అదే పేరు. మరి మేం చేసిన తప్పేమిటి?"

"వాళ్ళు వచ్చినప్పుడు వద్దనవలసింది."

"కత్తులు పట్టుకుని వచ్చారయ్యా. మీ వాళ్ళలాగే. ఇంటికొచ్చి ఇస్తామంటే వద్దని ఎలా అంటాం?"

ఆస్గెర్ బాల్చీ పక్కకు నెట్టాడు. లేచి బయటికి నడిచాడు.

*

హెమ్మింగ్ గోడ నీడన కూర్చుని చెప్పు తోలుకు పడిన చిరుగు కుట్టుకుంటున్నాడు. ఎదురుగా, గోడమీదికి రాళ్ళు లాగే దూలానికి పనివాళ్ళు కొత్త తాడు వేస్తున్నారు. ఆ తాడు ఎందుకో ఆస్గెర్‌కు తెలుసు. అటు చూడలేదు.

"గురువుగారూ, అతను అబద్ధాలాడుతున్నాడు. ప్రాణం కాపాడుకోవడానికని ఆడుతున్నాడు, ఆ అబద్ధాలకే ప్రాణం పోతుంది. నిజం చెప్పించలేను. ఎక్కువ చెప్పమని సైగ చేస్తే నా ప్రమాణం పోతుంది. నేనే ఒక అంకె వేసి చెబుదామంటే, అది సగానికి ఏ వైపుదో నాకే తెలియదు."

హెమ్మింగ్ దారం పళ్ళతో తెంపాడు. "ఏమడిగావు నాయనా?"

"ఎంత తాగావని."

"ఇంకా?"

"ఇంకేముంది అడగడానికి? ఆ రోజు ఎంత తాగాడన్నదే కదా కావలసింది?"

హెమ్మింగ్ చెప్పులు తొడుక్కున్నాడు. గోడ పట్టుకుని లేచి గదిలోకి నడిచాడు. ఆస్గెర్ వెనకాలే వెళ్ళాడు.

హెమ్మింగ్ విలెంబు ముందు గొంతుక్కూర్చుని కాసేపు అతని ముఖం చూశాడు. ఆస్గెర్ కూడా చూశాడు. పొద్దుటినుంచీ ఎదురుగానే ఉన్న ముఖం. పెదాలు తెల్లగా పగిలి, ఒకచోట నెత్తురు చిమ్మి ఎండిపోయి ఉంది.

హెమ్మింగ్ కూజాను రెండు చేతులతో ఎత్తి అతనికి పట్టాడు.

విలెంబు ఉలిక్కిపడ్డాడు. ఆస్గెర్ వైపు చూశాడు, బల్లెం మనిషి వైపు చూశాడు. "వద్దు సామీ. నేను తాగను. ఆ రోజూ తాగలేదు."

హెమ్మింగ్ కూజా దించలేదు. అది ఇంకా నిండుగానే ఉంది. ముసలి చేతులు వణకడం మొదలుపెట్టాయి. నీళ్ళు ఒలికి ఆయన అంగీ తడిసింది. చేతులు ఇంకా వణికాయి, ఇంకా ఒలికాయి. ఆయన అలాగే పట్టుకుని ఉన్నాడు.

ఆ చేతులను విలెంబు చూడలేకపోయాడు. "అయ్యో, పడేస్తావు సామీ," అని కూజా అందుకున్నాడు.

అందుకున్నాక ఆగడం అతని చేతిలో లేదు. తల వెనక్కి వాల్చి తాగాడు. ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ తాగాడు. ఆస్గెర్ అలవాటు చొప్పున గుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు గాని, నడుమ ఎక్కడో ఆ గొంతు ఎగిరి పడటం చూస్తూ లెక్క మరిచిపోయాడు. విలెంబు మరోసారి ఆగి, మరోసారి ఎత్తాడు. కూజా పూర్తిగా బోర్లా అయింది. చివరి చుక్కలు గడ్డం మీద పడ్డాయి.



విలెంబు కూజా కింద పెట్టి, మణికట్టుతో మూతి తుడుచుకుని, హెమ్మింగ్ తడిసిన అంగీ చూశాడు. తల వంచుకున్నాడు.

"ఆ రోజూ ఇంతే సామీ," అన్నాడు.

ఆస్గెర్ వంగి ఖాళీ కూజాలోకి చూశాడు.

"శిలువ ఒక భుజం, ఇది ఒక భుజం. చెమటకు తాడు ఒరుసుకుపోయింది. ఒక్క గుక్క అనుకుని ఆగాను. కాస్త దూరం పోయి మళ్ళీ ఒక్క గుక్క అనుకున్నాను. ప్రతిసారీ ఒక్కటే అనుకున్నాను. మా వాగు దగ్గరకొచ్చి ఊపి చూస్తే చప్పుడు లేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత వాగులో ముంచుకుని పోయాను. ఊళ్ళో చల్లింది మా వాగు నీళ్ళే." అతను చేతులు జోడించాడు. "దొంగిలించాలని కాదు సామీ. ఉరి తీస్తే నన్ను తియ్యండి. ఊరిని ఏమీ చెయ్యొద్దు."

గుమ్మంలో బల్లెం మనిషి నోరు తెరిచి ఆస్గెర్ వైపు చూశాడు. విలెంబు బతికినట్టేగా అన్నట్టు.

బతికాడు. ఆస్గెర్‌కు ఒళ్ళంతా తేలికైంది. ఆ వెంటనే మిగతా కూజాలు గుర్తొచ్చాయి. లెప్పా దగ్గర ఊరు. దానికంటే దూరం వెళ్ళిన కూజాలు ఉన్నాయి. దానికంటే పెద్ద శిలువలు మోసినవాళ్ళు ఉన్నారు.

"గురువుగారూ, మరి మిగతావి?"

హెమ్మింగ్ అంగీ అంచు పిండుకుంటున్నాడు.

"వాళ్ళకూ ఎండగానే ఉండి ఉంటుంది," అన్నాడు.

*

మధ్యాహ్నం దూలం కింద స్టీగ్ నిలబడి ఉన్నాడు.

"చెప్పు. ఎంత?"

"మొత్తం," అన్నాడు ఆస్గెర్.

"మొత్తమంటే?"

"చుక్క మిగల్లేదు. మీ మనిషి విన్నాడు. ఊరిమీద పడింది వాగు నీళ్ళు. లెప్పా మనది కాదు."

స్టీగ్ బల్లెం మనిషి వైపు తిరిగాడు. అతను తల ఊపాడు. స్టీగ్ ఒక్క క్షణం పళ్ళు కొరికి, కోపాన్ని మింగేశాడు. జర్మన్ల మనిషిని ఉరి తీసి ఒప్పందం తెంచుకునేంత బలం కోటలో లేదు. అది ఆస్గెర్ కంటే అతనికే బాగా తెలుసు.

"పోనీ, ఒక ఊరు పోయింది. మిగతావి ఎన్నని రాజుగారికి చెప్పబోతున్నావు?"

"నాకు తెలియదు."

"నీకా? తెలియదా?" స్టీగ్ పొడిగా నవ్వాడు. "నిన్నటిదాకా నిద్రలేపి అడిగినా చెప్పేవాడివి కదయ్యా!"

"ఆ ఊళ్ళలో ఒక్కటి కూడా నేను చూడలేదు దళపతిగారూ. ఏ కూజాలో ఏ నీళ్ళున్నాయో నాకు తెలియదు. దీవించినవి లేవని కూడా చెప్పలేను. ఉన్నాయనీ చెప్పలేను."

స్టీగ్ బల్లెం మనిషిని పొమ్మని చెయ్యి ఊపాడు. "అయితే రేపు నువ్వు ఓడ ఎక్కక్కర్లేదు," అన్నాడు. తర్వాత పనివాళ్ళకేసి అరిచాడు. "ఏం చూస్తున్నారు? ముడి విప్పండి. రాళ్ళు పైకెత్తాలి."

*

కోట ద్వారం దగ్గర విలెంబు నిలబడి ఉన్నాడు. తనను ఎందుకు వదిలేశారో అతనికి అర్థం కాలేదు. దొంగతనం ఒప్పుకున్న మనిషిని వదిలేసే దొరలను అతను చూడలేదు. ఏ క్షణాన మళ్ళీ పిలుస్తారోనని వెనక్కి చూస్తూ నిలబడ్డాడు.

హెమ్మింగ్ బావి దగ్గర కూజా నింపి తెచ్చాడు. దాన్ని విలెంబుకు ఇవ్వలేదు. తాడు ఆస్గెర్ భుజానికి తగిలించాడు.

"నేనా? లెప్పాకా?" అన్నాడు ఆస్గెర్. "వెళ్ళి ఏం చెయ్యాలి గురువుగారూ? ఆ ఊరు మనది కాదు కదా. ఈ నీళ్ళు దీవించలేదు కదా."

"దారిలో దాహం వేస్తే తాగండి," అని హెమ్మింగ్ లోపలికి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ బయల్దేరారు.  తను ఎందుకు వెళుతున్నాడో ఆస్గెర్‌కు బోధపడలేదు. రాజుగారి తరఫున కాదు. బిషప్ తరఫునా కాదు. లెప్పాలో ఎవరైనా ఎందుకొచ్చావని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. అడవి అంచు దాటాక నీడ పోయింది. తాడు భుజానికి ఒరుసుకుంటోంది. ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చాడు. కాసేపటికి మళ్ళీ మార్చాడు. రెండో భుజం మీద శిలువ ఉండి ఉంటే మార్చడానికి చోటే లేదని అప్పుడు తోచింది.

ఆగి మూత తీశాడు. ఒక్క గుక్క తాగి విలెంబుకు చాచాడు. విలెంబు చెయ్యి అడ్డంగా ఊపాడు. "నా కడుపు నిండింది. నువ్వు తాగు."

కాస్త దూరం పోయి మళ్ళీ ఆగాడు. మళ్ళీ ఒక్క గుక్క.

వాగు కనిపించేసరికి పొద్దు వాలింది. "ఇదే," అన్నాడు విలెంబు, ఒక రాతి మీద కూర్చుంటూ. ఆస్గెర్ నిలబడే మూత తీసి కూజా ఎత్తాడు. దించేసరికి విలెంబు నొసలు చిట్లించి అతన్నే చూస్తున్నాడు, పొద్దున గదిలో ఆస్గెర్ చూసినట్టే.

"ఎంత తాగావు?" అన్నాడు విలెంబు. "సరిగ్గా చెప్పు."

ఆస్గెర్ కూజాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు.

"మూడు గుక్కలు," అన్నాడు.

విలెంబు తల ఊపాడు. కూజా అందుకుని, వాగులోకి వంగి, నిండా ముంచాడు.